చీకటిని గెలిచే కెమేరానా? నీటికి ఓర్చే కెమేరానా?

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల: మూడు ఊళ్లు చెప్పిన మూడు జవాబులు

జగిత్యాల (మా గ్రామీణ విలేకరి):

చిట్టీ పాట పాడి డబ్బు చేతికి వచ్చిన నాడు ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. ఇంటి కప్పు బాగు చేయించాలి. పిల్లల ఫీజు కట్టాలి. బండికి టైర్లు మార్చాలి. ఇవన్నీ పోను మిగిలిన సొమ్ముతో ఒక మంచి చిన్న కెమేరా కొనుక్కోవాలని ఈ విలేకరి నిశ్చయించుకున్నాడు. లైన్ అకౌంటు మీద బతికే గ్రామీణ విలేకరికి కెమేరా సరదా వస్తువు కాదు, పనిముట్టు. ఫోటో లేనందువల్ల లోపలి పేజీలో నాలుగు లైన్లకు కుదించుకుపోయిన వార్తలు ప్రతి విలేకరికీ గుర్తుంటాయి.

కొనాలన్నది ఖాయం అయింది గాని, ఏది కొనాలన్నది తేలలేదు. జేబులో పట్టే మంచి కెమేరాల్లో ఈనాడు రెండు జాతులు ఉన్నాయి. ఒకటి చీకట్లో కూడా బొమ్మ చక్కగా తీసేది, కాని నీళ్లు పడితే పాడయ్యేది. రెండవది నీళ్లలో ముంచినా, కింద పడేసినా చెక్కుచెదరనిది, కాని చీకట్లో తడుముకునేది. ఈ రెండు గుణాలూ ఒకే దానిలో చౌకగా దొరికితే ఇంత రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

ఇదే ప్రశ్న పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్లకు, వ్యవసాయ విస్తరణ పనిలో ఉన్నవారికి, ఊళ్లో జాతర ఫోటోలు తీసే యువకులకు కూడా ఎదురవుతున్నది. అందుకని తెలిసిన మిత్రుల దగ్గర ఉన్న రెండు రకాల కెమేరాలను బదులు తీసుకొని, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో పనిమీద తిరుగుతూ చూసిన సంగతులను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

సెల్‌ఫోన్ చాలదా?

ముందు ఈ మాట తేల్చుకోవాలి. మన ప్రాంతంలో పత్రికలకు వెళ్లే ఫోటోలలో ఎక్కువ భాగం ఇప్పుడు సెల్‌ఫోన్‌తో తీసినవే. పగటి వెలుతురులో, దగ్గరి మనిషిని తీయడానికి ఫోనుకు వంక పెట్టడానికి ఏమీ లేదు. ఫోటోను క్షణంలో డెస్కుకు పంపే సౌకర్యం కూడా దానికే ఉంది. బస్సులో కవరు వేసి, ఆ కవరు చేరిందో లేదో తెలియక తెల్లవార్లు ఎదురుచూసిన రోజులను పాత విలేకరులు కథలుగా చెబుతారు.

అయితే ఫోనుకు కొన్ని చిక్కులున్నాయి. వాన చినుకులు పడితే అద్దం మీద వేలు పనిచేయదు. నడినెత్తి ఎండలో తెర కనబడదు. చాలా చౌక ఫోన్లలో దూరపు వస్తువును దగ్గరకు తెచ్చే అసలు జూమ్ ఉండదు. ఉన్న బొమ్మనే సాగదీసి చూపుతుంది. సభ మధ్యలో ఫోటో తీస్తుండగానే ఫోను వస్తుంది. పైగా రోజంతా తీస్తే సాయంత్రం వార్త పంపే వేళకు చార్జింగు ఉండదు. అందుకని ఫోను ఉన్నా వేరుగా కెమేరా కావాలనుకునే వారు ఇంకా ఉన్నారు.

రెండు జాతుల పుట్టుక

జేబు కెమేరా కొత్తది కాదు. జర్మనీలో రోలై 35 అనే బుల్లి కెమేరా 1966లో వచ్చింది. జపానులో ఒలింపస్ ఎక్స్ఏ 1979లో వచ్చింది. పెద్ద కెమేరాకు తీసిపోని బొమ్మను గుప్పిట్లో పట్టే పెట్టె ఇవ్వాలన్నదే వాటి లక్ష్యం. మన దగ్గర ఆ రోజుల్లో ఆగ్ఫా క్లిక్-3 ఉన్న ఇంటికి ఒక గౌరవం ఉండేది.

నీటికి ఓర్చే కెమేరాల చరిత్ర సముద్రంలో మొదలయింది. ఫ్రెంచి సముద్ర పరిశోధకుడు జాక్ కూస్తో ప్రోత్సాహంతో తయారయిన కాలిప్సో అనే కెమేరాను జపానులోని నికాన్ కంపెనీ తీసుకొని 1963లో నికొనాస్ పేరుతో అమ్మింది. తర్వాత జపానులోనే కొనికా కంపెనీ కట్టడాల పనుల వద్ద దుమ్ములో, వానలో వాడుకోవడానికి ఒక మోటు కెమేరాను తెచ్చింది. జపాను భాషలో దాని పేరు ‘గెంబా కంతోకు’. అంటే పనిస్థలం మేస్త్రీ అని అర్థం. పేరు పెట్టిన వాడెవరో గాని పని తెలిసినవాడే.

ఇప్పటి డిజిటల్ కెమేరాల్లో ఈ రెండు దారులూ 2012 వేసవిలో స్పష్టంగా విడిపోయాయి. ఆ సంవత్సరమే సోనీ కంపెనీ ఆర్‌ఎక్స్100 అనే జేబు కెమేరాను, ఒలింపస్ కంపెనీ టీజీ-1 అనే నీటి కెమేరాను విడుదల చేశాయి. మొదటి దాని వంశంలో ఏడవ కెమేరా 2019లో వచ్చింది. రెండవ దాని వంశంలో టీజీ-7 అనేది 2023లో వచ్చింది. ఒలింపస్ కెమేరాల వ్యాపారం 2021 జనవరి నుంచి ఓఎం డిజిటల్ సొల్యూషన్స్ అనే వేరే సంస్థ చేతికి వెళ్లింది కనుక కొత్త కెమేరా మీద ఓఎం సిస్టమ్ అని ఉంటుంది. మొదటి జాతిలో కెనాన్ జీ7ఎక్స్, రికో జీఆర్ వంటివి కూడా ఉన్నాయి.

ఇక రెండింటి మధ్య అసలు తేడా ఎక్కడుంది? ఫిల్ము స్థానంలో ఇప్పుడు వెలుతురును పట్టే ఒక పలక ఉంటుంది. దానినే సెన్సర్ అంటారు. ఆర్‌ఎక్స్100 వంటి వాటిలో దాన్ని ‘ఒక అంగుళం’ సెన్సర్ అంటారు. అది పేరుకే అంగుళం. నిజానికి 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. టీజీ కెమేరాలలోని పలక సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు. విస్తీర్ణం లెక్క వేస్తే మొదటిది రెండవ దానికి నాలుగు రెట్లు. వానలో పెద్ద గోలెం పెడితే ఎక్కువ నీళ్లు పట్టినట్టు పెద్ద పలక ఎక్కువ వెలుతురు పడుతుంది. మిగతా గొప్పలన్నీ దీని తర్వాతనే.

కోరుట్ల: బీడీల చాట ముందు

కోరుట్లలో ఒక వీధిలో బీడీలు చుట్టే అక్క ఇంటికి వెళ్లినప్పుడు మధ్యాహ్నం మూడు గంటలు. బయట కళ్లు చెదిరే ఎండ. లోపల ఒక చిన్న కిటికీ, ఒక బల్బు. గోడకు ఆనుకొని కూర్చొని, ఒళ్లో చాట పెట్టుకొని, కత్తిరించిన తునికాకు మీద తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, అంచు ముడవడం ఆమెకు రెప్పపాటు పని.

“ఏం ఫోటువ తీస్తవ్ తమ్మీ, ఇంట్ల చీకటే ఉంటది. వాకిట్లకు రమ్మంటవా?” అని అడిగింది.

అక్కడే పొరపాటు జరిగేది. వాకిట్లోకి రమ్మంటే మనిషి బిగుసుకుపోతుంది, చేతులు ఆగిపోతాయి. ఫ్లాష్ వెలిగిస్తే మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడి, వెనుక గోడ నల్లబడి, ఆ ఇల్లు ఆ ఇల్లులా కనపడదు. ఆమె పని చేసే చోటనే, ఉన్న వెలుతురులోనే తీయాలి.

నీటి కెమేరాతో తీసిన ఫోటోలో చేతివేళ్లు మసకబారాయి. మసక పోవాలని కెమేరా వేగం పెంచితే బొమ్మంతా ఇసుక చల్లినట్టు చుక్కలు వచ్చాయి. జేబు కెమేరాతో అదే చోటు నుంచి, అంతే వేగంతో తీస్తే వేళ్లు, దారం, అరిగిపోయిన గోరు కూడా తేటగా వచ్చాయి. వెడల్పు కోణంలో రెండింటి కటకాలు దాదాపు ఒకే మోతాదులో తెరుచుకుంటాయి. మొదటి ఆర్‌ఎక్స్100 కొలత 1.8, టీజీ కొలత 2.0. ఈ అంకె ఎంత చిన్నదయితే కటకం అంత విశాలంగా తెరుచుకుంటుంది. ఆ అంకెలు చూసి రెండూ ఒకటే అనుకునే ప్రమాదం ఉంది. పలక నాలుగు రెట్లు పెద్దదన్న సంగతి ఆ చీకటి గదిలోనే తెలిసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. జూమ్ లాగితే ఈ రెండు కెమేరాల కటకాలు కూడా 4.9 కొలతకు కుంచించుకుపోతాయి. అంటే వెలుతురు ఆరవ, ఏడవ వంతుకు పడిపోతుంది. చీకటి గదిలో జూమ్ లాగడం కంటే రెండడుగులు ముందుకు వేసి, అక్క పక్కన చాప మీద కూర్చొని తీయడం మేలు. ఫోటోతో పాటు నాలుగు మాటలు కూడా దొరుకుతాయి. బీడీల కూలి గురించి, ఆకు నాసిరకం వస్తున్నదన్న బాధ గురించి ఆమె చెప్పింది ఆ చాప మీదనే.

కనుక కోరుట్ల జవాబు సుస్పష్టం. ఇళ్లలో, బడులలో, రాత్రి సభలలో, గర్భగుడి ముందు మండపంలో పని ఉన్నవారికి జేబు కెమేరాయే తగినది.

జగిత్యాల: వాగు, వరి, మామిడి

జగిత్యాల వైపు వస్తే కథ మారిపోతుంది. ఉత్తరాన గోదావరి. మధ్యలో శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ. ఊరూరా చెరువులు. వానాకాలం నాట్లు పడుతున్నాయంటే ఫోటో తీసేవాడు మోకాలి లోతు బురదలో నిలబడాలి. చెరువు మత్తడి దుంకుతున్నదంటే తుంపర్లలో తీయాలి. చేపలు పట్టేవారి పుట్టిలో కూర్చుంటే కెమేరా తడవక తప్పదు. ధర్మపురి రేవులో పుణ్యస్నానాల రద్దీలో ఎవరి మోచేయి తగిలి కెమేరా నీళ్లలో పడుతుందో చెప్పలేము.

టీజీ-7 కెమేరా 15 మీటర్ల లోతు నీటిలో పనిచేస్తుందని, 2.1 మీటర్ల ఎత్తు నుంచి పడినా, 100 కిలోల బరువు మోపినా తట్టుకుంటుందని కంపెనీ చెబుతున్నది. సున్నాకు దిగువ 10 డిగ్రీల చలికి ఓరుస్తుందని కూడా చెబుతున్నది గాని, ఆ గొప్ప మనకు అక్కరకు రాదు. మన బాధ ఎండ. ఈ కెమేరాలు 40 డిగ్రీల వరకే పనిచేస్తాయని వాటి పుస్తకాలలోనే రాసి ఉంటుంది. మే నెలలో జగిత్యాలలో ఎండ ఆ అంకెను దాటని రోజులు తక్కువ. ఏ జాతి కెమేరా అయినా సరే, బండి టాంకు కవర్‌లో పెట్టి ఎండలో వదలరాదు.

ఈ కెమేరా దగ్గర మరో గుణం ఉంది. దాని గురించి ప్రకటనలలో కంటే పొలాల్లోనే చెప్పుకోవాలి. కటకానికి ఒక్క సెంటీమీటరు దూరంలో ఉన్న వస్తువును కూడా తేటగా తీస్తుంది. వరి దుబ్బు మొదట్లో సుడిదోమ, పత్తికాయ లోపల గులాబీ పురుగు, పసుపు ఆకు మీద మచ్చ ఎలా ఉంటాయో అరచేయంత బొమ్మగా చూపవచ్చు. జగిత్యాల పక్కనే పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉన్నందున ఇక్కడి రైతులకు శాస్త్రవేత్తలకు చూపి అడిగే అలవాటు ఉంది. తెగులు సోకిన మొక్కను పీకి పట్టుకుపోతే దారిలో వాడిపోతుంది. మంచి ఫోటో వాడదు. బురద అంటితే కెమేరాను బోరు నీళ్ల కింద కడిగేయవచ్చు. జేబు కెమేరాను అలా కడిగితే అదే దానికి ఆఖరి స్నానం.

అయితే నీటి కెమేరా అనగానే నిర్లక్ష్యం పనికిరాదు. బ్యాటరీ మూత లోపల రబ్బరు అంచు ఒకటి ఉంటుంది. నీటిని ఆపేది అదే. దాని మీద ఒక వెంట్రుక, ఒక ఇసుక రేణువు చిక్కుకున్నా నీరు లోపలికి దారి చేసుకుంటుంది. గోదావరి ఇసుకలో కూర్చొని తడిచేత్తో మూత తెరిచి కార్డు మార్చిన మిత్రుని కెమేరా ఆ సాయంత్రానికే మూగబోయింది. తప్పు ఎవరిదని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. మూతను పొడి చోటనే తెరవాలి, రబ్బరును మెత్తటి గుడ్డతో తుడవాలి, ఏడాదికోసారి ఆ రబ్బర్లు మార్పించాలి. ఈ మూడు పాటించని వారికి నీటి కెమేరా కూడా మామూలు కెమేరాయే.

సిరిసిల్ల: సాంచాల మధ్య

ఇక సిరిసిల్ల. ఇక్కడ రెండు కెమేరాలూ ఓడిపోయినంత పని చేశాయి.

మరమగ్గాల షెడ్డులో అడుగు పెడితే ముందు చెవులు పోతాయి. సాంచాల చప్పుడులో పక్కవాని మాట వినపడదు. తర్వాత కళ్లకు మసక వెలుతురు అలవాటు కావాలి. ఆ తర్వాత గమనిస్తే గాలిలో సన్నని దూది నూగు తేలుతూ కనబడుతుంది. దీపం పట్టీల మీద, బీముల మీద, కార్మికుని కనుబొమల మీద కూడా ఆ నూగు ఉంటుంది. నాడె నిమిషానికి వందకు పైగా సార్లు అటూ ఇటూ పరుగెత్తుతుంది. అంటే చీకటి, వేగం, దుమ్ము మూడూ ఒకే చోట ఉన్నాయి.

చీకటి, వేగం చూస్తే జేబు కెమేరా కావాలి. కాని ఆ కెమేరా స్విచ్ నొక్కగానే కటకం గొట్టం ముందుకు పొడుచుకు వస్తుంది, ఆపగానే లోపలికి పోతుంది. ఆ రాకపోకలతో పిచికారీ గొట్టంలా బయటి గాలిని లోపలికి లాగుతుంది. గాలితో పాటు నూగు కూడా పోతుంది. ఒక్క పోగు సెన్సర్ మీద వాలితే ఇక తీసిన ప్రతి ఫోటోలో ఆకాశం మీద ఒక మచ్చ. పెద్ద కెమేరాకయితే కటకం ఊడదీసి ఊదవచ్చు. దీనికి ఊడదు. సిరిసిల్లలోని తోటి విలేకరి కెమేరాకు ఇదే జరిగింది. విప్పించి తుడిపించడానికి హైదరాబాదు పంపితే రానుపోను నెల పట్టింది. ఆ నెల ఫోటోలన్నీ ఫోనుతోనే.

టీజీ జాతి కెమేరాలలో కటకం బయటికి రాదు. వెలుతురు లోపలికి వచ్చాక ఒక పట్టకం దాన్ని లంబంగా కిందికి మళ్లిస్తుంది. జూమ్ అంతా పెట్టె లోపలే జరుగుతుంది. కనుక నూగుకు సందు లేదు. కాని ఆ మసకలో బొమ్మ నాణ్యం తగ్గుతుంది.

“మరి నువ్వేం చేస్తున్నవే అన్నా?” అని ఆ మిత్రుణ్ణి అడిగితే, ఆయన అనుభవంతో చెప్పిన ఉపాయాలు ఇవి. షెడ్డు బయటనే కెమేరా తెరిచి కటకం బయటికి వచ్చాక లోపలికి పోవాలి. లోపల ఉన్నంతసేపు ఆపరాదు, జూమ్ కదపరాదు. బయటికి వచ్చాక మెత్తటి కుంచెతో గొట్టం చుట్టూ దులిపి అప్పుడే మూయాలి. వీలయితే సాంచాలు ఆగే వేళ, కండెలు మార్చే వేళ చూసుకోవాలి. నూగు తక్కువ, మనిషి మొహంలో కాస్త తీరిక కనబడుతుంది. పాత ట్యూబులైట్లు మన కరెంటు లెక్కన సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. కంటికి తెలియదు గాని కెమేరాకు తెలుస్తుంది. వేగాన్ని సెకనులో 50వ వంతు గాని, 100వ వంతు గాని పెడితే ఫోటోలో చారలు రావు.

“కెమేరా పాడైతే నెలకొస్తది తమ్మీ, ఈ నూగు పీల్చేటోని పానం సంగతి రాయి” అని కూడా ఆయనే అన్నాడు. షెడ్డులో రోజంతా నిలబడే కార్మికుని ఊపిరితిత్తులకు ఏ రబ్బరు మూతా లేదు. కెమేరా గురించి రాస్తూ ఆ మాట విడిచిపెట్టడం భావ్యం కాదు.

కెమేరాకు ఏమీ కాదు, మరి మనిషికి?

మూడు ఊళ్లూ తిరిగి వచ్చాక ఈ విలేకరి మనసు నీటి కెమేరా వైపే మొగ్గింది. కారణం వరదలు. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల పట్టణం వీధుల్లో వరద పారింది. 2022 జూలైలో గోదావరి ఉగ్రరూపం దాల్చినప్పుడు జగిత్యాల జిల్లా తీర గ్రామాలు వణికిపోయాయి. అటువంటి రోజున తడవని కెమేరా చేతిలో ఉంటే చాలు, మొదటి పేజీ ఫోటో మనదే అని ఆశ.

ఆ మాటే ఇంట్లో చెబుతూ, “నీళ్లల్ల పడ్డా దీనికి ఏం కాదమ్మా” అంటే తల్లి ఒక్క ప్రశ్న వేసింది.

“దానికేం కాదు సరే. నువ్వు పడితే?”

ఆమె ఊరికే అనలేదు. 2022 జూలైలో రాయికల్ మండలం బోర్నపల్లి వద్ద గోదావరి మధ్య కుర్రులో తొమ్మిది మంది కూలీలు చిక్కుకున్నారు. ఆ వార్త సేకరించి తిరిగి వస్తున్న జగిత్యాల టెలివిజన్ విలేకరి ఒకరు దారిలో కల్వర్టు మీది వరదలో కారుతో సహా కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయారు. చిక్కుకున్న కూలీలు క్షేమంగా బయటపడ్డారు. వార్త కోసం వెళ్లిన మనిషి తిరిగి ఇంటికి రాలేదు. ఆ సంగతి ఈ జిల్లాలో కలం పట్టిన ఎవరూ మరువలేదు. విలేకరుల ఇళ్లలో తల్లులు, భార్యలు అసలే మరువలేదు.

ఆలోచిస్తే ఆమె ప్రశ్నలోనే జవాబు ఉంది. వరద ఫోటో ఒడ్డు మీద నుంచి తీయవలసినది. ఒడ్డు మీద నిలబడేవానికి కావలసినది గొడుగు, ఒక పాలిథీన్ సంచి, కాస్త జూమ్. 15 మీటర్ల లోతున పనిచేసే కెమేరా కాదు. నీటికి ఓర్చే కెమేరా చేతిలో ఉంటే మరో రెండడుగులు ముందుకు వేద్దామన్న తెగింపు తెలియకుండానే వస్తుంది. రోడ్డు మీద పారే నీరు మోకాలి లోతే కదా అనిపిస్తుంది. దాని కింద రోడ్డు ఉన్నదో కోతపడిందో పైనుంచి తెలియదు.

తర్వాత పాత నోటుపుస్తకం తీసి, గడచిన సంవత్సరంలో చేజారిన ఫోటోలు ఏవో రాసి చూసుకోవడం జరిగింది. వాన వల్ల పోయినవి వేళ్ల మీద లెక్కించవచ్చు. చీకటి వల్ల పోయినవే ఎక్కువ. రాత్రి జరిగిన రైతుల ధర్నా, తెల్లవారుజామున మార్కెట్లో మామిడి వేలం, కరెంటు లేని బడి గది, ఆసుపత్రి వరండా, ఒగ్గుకథ ఆట. ఇవేవీ నీళ్లలో జరిగినవి కావు.

కొనేముందు చూడవలసినవి

ఎవరికి ఏది తగినదో తేల్చుకోవడానికి ఇంతకంటే సులువైన దారి మాకు తోచలేదు. అంగడికి పోయే ముందు, ఏడాదిలో మీరు పోగొట్టుకున్న ఫోటోలు పది రాసుకోండి. ఎక్కువ పోయింది చీకటి వల్లనా, నీరు, బురద, దుమ్ముల వల్లనా అన్నది మీ పట్టీయే చెబుతుంది.

మెగాపిక్సెళ్ల అంకె చూసి మోసపోవద్దు. ఆర్‌ఎక్స్100 కెమేరాకు 20, టీజీ కెమేరాకు 12 మెగాపిక్సెళ్లు. పన్నెండే గదా అని చిన్నచూపు అక్కరలేదు. 4000 చుక్కల వెడల్పు ఉన్న ఆ బొమ్మను అంగుళానికి 200 చుక్కల లెక్కన అచ్చు వేస్తే 20 అంగుళాల వెడల్పు వస్తుంది. మన దినపత్రిక పేజీ వెడల్పు అంత ఉండదు. రెండు కాలాల ఫోటోకు ఎంత కావాలో లెక్క వేసుకోవచ్చు.

ధర విషయానికి వస్తే, అమెరికాలో విడుదలయిన నాటి ధరలు ఇలా ఉన్నాయి. టీజీ-7 సుమారు 550 డాలర్లు. 2012 నాటి మొదటి ఆర్‌ఎక్స్100 సుమారు 650 డాలర్లు. 2019 నాటి ఏడవది సుమారు 1200 డాలర్లు. మన దగ్గర పన్నులు, దిగుమతి ఖర్చులు కలుస్తాయి. అంటే ఏదయినా ఒక విలేకరి లైన్ అకౌంటుకు భారమే. హైదరాబాదు కోఠి అంగళ్లలో బేరం చేసేవారు బిల్లు, గ్యారంటీ కార్డు ఈ దేశంలో చెల్లేవా కావా అని ముందే అడగాలి. చేతులు మారిన కెమేరా కొనేవారు జేబు రకమయితే ఖాళీ ఆకాశాన్ని ఒక ఫోటో తీసి మచ్చలున్నాయేమో చూడాలి. నీటి రకమయితే మూత రబ్బరు పగిలిందేమో, కటకం అద్దం లోపల ఆవిరి పట్టిన గుర్తు ఉందేమో చూడాలి. ఒకసారి నీరు పోయిన నీటి కెమేరాను ఎవరు ఎంత తక్కువకు ఇస్తామన్నా వద్దనాలి.

పొలాల మీద, చెరువుల మీద రాసే మిత్రుడు ఒకరు ఈ వ్యాసం రాస్తుండగానే నీటి కెమేరాకు బయానా ఇచ్చి వచ్చాడు. అతని పనికి అదే సరి. ఆయన ఫోటో తీసిన సుడిదోమను చూసి ఒక రైతు, “గింత చిన్నదా మా పంటను గింత చేసింది” అని నోరు తెరిచాడట.

ఈ విలేకరి మాత్రం చేతులు మారిన ఒక అంగుళం సెన్సర్ జేబు కెమేరా కొన్నాడు. దానితో పాటు పది రూపాయలు పెట్టి బియ్యం సంచి మూతికి కట్టే రబ్బర్లు, ఒక మందపాటి పాలిథీన్ కవరు కూడా కొన్నాడు. వాన పడితే కెమేరా ఆ కవరులోకి పోతుంది. వాగు పొంగితే మనిషి ఒడ్డు మీదనే ఆగుతాడు. ఆ రెండవ షరతు తల్లి పెట్టింది.

కొన్న మరునాడు కోరుట్ల వెళ్లి, ఆ బీడీల అక్కకు ఆమె ఫోటో కాగితం మీద వేయించి ఇచ్చాడు. ఆమె కిటికీ దగ్గరకు తీసుకుపోయి చాలాసేపు చూసింది.

“మా ఇల్లు గింత వెలుగు ఉన్నదా తమ్మీ?” అని అడిగింది.